ఓడ కట్టండి... దుమ్ము పంచకండి

ఉద్యోగ విరమణ చేసినవాళ్లు మా ఓపీకి వచ్చినప్పుడు బీపీ, షుగర్ చూశాక నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏం చేస్తుంటారు?’ ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే. ‘ఏం చేస్త సార్, కూసుంట, టీవీ సూస్త, ఫోన్ సూస్త.’ వాళ్లకు నిద్ర సరిగా పట్టదు. తల బరువుగా ఉంటుంది. నలుగురిలోకి వెళ్లబుద్ధి కాదు. పరీక్షలు రాస్తే చాలాసార్లు అన్నీ మామూలుగానే వస్తాయి.

తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగి 61 ఏళ్లకు విరమణ చేస్తారు. ఆ తర్వాత ఇంకా ఎన్నో ఏళ్ల జీవితం ఉంటుంది. ‘ఏదో ఒక వ్యాపకం పెట్టుకోండి’ అని మేం డాక్టర్లం చెప్పి పంపిస్తాం. మాత్ర రాసేటప్పుడు మాత్రం పేరు, మోతాదు, ఎన్ని రోజులు వేసుకోవాలో అన్నీ రాస్తాం. వ్యాపకం దగ్గరికి వచ్చేసరికి ‘ఏదో ఒకటి’ అనేస్తాం. అది సలహా అనిపించుకోదు. అందుకే ఈ వారం ఒక వ్యాపకాన్ని పేరు పెట్టి, మోతాదుతో, దుష్ఫలితాలతో సహా చెబుతాను. అది చెక్కతో చిన్న ఓడ నమూనా కట్టడం. ముఖ్యంగా ఆ ఓడ పొట్ట మీద బద్దలు పరిచే పని.

పొలం పనో, కూలి పనో చేసుకునేవారికి ఈ సలహా అక్కర్లేదు. వాళ్ల చేతులకు విరమణ లేదు. ఇది కుర్చీలో కూర్చుని ముప్పై ఏళ్లు పనిచేసి, ఒక్కసారిగా ఇంట్లో కూర్చున్నవారి కోసం.

సముద్రం లేని చోట ఓడ ఎందుకు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... మూడు జిల్లాల్లో ఎక్కడా సముద్రం లేదు. అయినా ఓడ మనకు పరాయిది కాదు. ఓరుగల్లు నుంచి పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో కోస్తా తీరంలోని మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుపానులో దెబ్బతిని ఒడ్డుకు చేరిన ఓడల సరుకును రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకపై నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటామని ఆయన వర్తకులకు మాటిచ్చాడు. ఇక కాకినాడ దగ్గర తాళ్లరేవు, కోరంగి ప్రాంతంలో చెక్క పడవలు కట్టే వృత్తి తరతరాలుగా ఉన్నదే.

వైద్యుడిగా నేను ఓడను ఎంచుకోవడానికి వేరే కారణం ఉంది. ఈ పనిలో తొందరపడితే కుదరదు. కళ్లు, వేళ్లు, లెక్క మూడూ కలిసి పనిచేయాలి. రోజుకు కొంత చొప్పున నెలల తరబడి సాగుతుంది. రేపు లేచి చేయడానికి ఒక పని మిగిలే ఉంటుంది. విరమణ చేసినవారికి కరవైనది సరిగ్గా అదే.

బద్ద వెంట బద్ద

ముందు ఓడకు వెన్ను పలక ఉంటుంది. దాని మీద పక్కటెముకల్లా అడ్డపలకలు నిలబెడతారు. ఈ అస్థిపంజరం మీద సన్నని చెక్క బద్దలను ముక్కు నుంచి వెనక భాగం దాకా ఒకదాని పక్కన ఒకటి అతికిస్తూ పోతే ఓడ పొట్ట తయారవుతుంది. వినడానికి ఇంతే. మొదటి ఓడను మధ్యలో వదిలేసేవారిలో చాలామంది ఆగిపోయేది మాత్రం ఇక్కడే.

ఎందుకంటే ఓడ మధ్యలో పొట్ట చుట్టుకొలత ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. బద్దలేమో ఒకే వెడల్పులో వస్తాయి. వాటిని అలాగే వేస్తూ పోతే ముక్కు దగ్గర ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. లెక్క సులువే. మధ్య అడ్డపలక అంచు వెంట కాగితపు పట్టీ పెట్టి కొలవండి. 100 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 5 మిల్లీమీటర్ల బద్దలు 20 పడతాయి. ముక్కు దగ్గర 60 మిల్లీమీటర్లే ఉంటే, అవే 20 బద్దలు అక్కడ ఒక్కోటి 3 మిల్లీమీటర్లకు సన్నబడాలి. సగం కంటే సన్నగా చెక్కాల్సి వస్తే బద్దలన్నిటినీ ముక్కు దాకా తీసుకెళ్లకండి. ఒకటి రెండు ముందే ఆపేసి, వాటి చోటును పక్క బద్దలకు ఇవ్వాలి.

మరో మూడు జాగ్రత్తలున్నాయి. అడ్డపలకల అంచులను ముందుగా ఏటవాలుగా అరగదీయాలి. అప్పుడే బద్ద వాటి మీద ఒంటికి అంటినట్టు కూర్చుంటుంది. ఎడమవైపు ఒకటి వేస్తే వెంటనే కుడివైపు ఒకటి వేయాలి. ఒకేవైపు వేస్తూ పోతే వెన్ను మెలితిరుగుతుంది. వంపు ఉన్నచోట బద్దను నీళ్లలో నానబెట్టి మెల్లగా వంచి, ఆ ఆకారంలోనే ఆరనిచ్చి, ఆ తర్వాతే అతికించాలి. తడిమీద అతికిస్తే ఆరాక చెక్క కుంచించుకుపోయి సందులు పడతాయి. పట్టి ఉంచడానికి గుండుసూదులు, బట్టల క్లిప్పులు చాలు.

మొదటిసారి చేసేవారు రెండు పొరల ఓడను ఎంచుకోవడం మేలు. మొదటి పొరలో ఎగుడుదిగుళ్లున్నా, సందులున్నా నింపి, చదును చేసి, దాని మీద పలచని రెండో పొర వేస్తారు. కింది పొర ఎవరికీ కనిపించదు. అరవై దాటాక కొత్త పని నేర్చుకునేవారికి ఈ వెసులుబాటు చాలా ధైర్యాన్నిస్తుంది.

మోతాదు ఎంత? ఫలితం ఎంత?

రోజుకు గంట, వారానికి నాలుగు రోజులు చాలు. అరగంటకోసారి లేచి నడవండి. మెడ వంచి కూర్చోకుండా ఓడనే కంటి ఎత్తుకు తెచ్చుకోండి. నలభై దాటిన వాళ్లందరికీ దగ్గరి చూపు తగ్గుతుంది కాబట్టి ముందు కళ్లద్దాలు సరిచూపించుకోండి. ఒక వైపు నుంచి మంచి దీపం ఉండాలి.

ఫలితం గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. 16 దేశాల్లో 65 ఏళ్లు, ఆపై వయసున్న 93 వేల మందికి పైగా వివరాలతో చేసిన పరిశీలన ఒకటి 2023లో ‘నేచర్ మెడిసిన్’లో వచ్చింది. వ్యాపకం ఉన్నవారిలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించాయి. ఇది పరిశీలన మాత్రమే. వ్యాపకం వల్లే అలా జరిగిందని దీనితో తేల్చలేం. మతిమరుపు జబ్బు రాకుండా ఓడ ఆపుతుందని కూడా నేను చెప్పను. ఆ జబ్బు ముప్పు పెంచే, మనం మార్చుకోగల 14 కారణాలను 2024లో లాన్సెట్ కమిషన్ జాబితా వేసింది. బీపీ, షుగర్, పొగ, వినికిడి లోపం, కదలకుండా ఉండటం, ఒంటరితనం అందులో ఉన్నాయి. కాబట్టి ఓడ కడుతున్నామని నడక మానొద్దు. గదిలో తలుపేసుకుని ఒంటరిగానూ కట్టొద్దు. మనవడినో, పక్కింటి మిత్రుడినో రెండో వైపు బద్దలు పట్టుకోమనండి. దిగులు వారాల తరబడి వదలకుంటే ఏ వ్యాపకమూ మందుకు బదులు కాదు. అప్పుడు డాక్టర్‌ను కలవాలి, లేదా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి.

అసలు దుష్ఫలితం దుమ్ము

బద్దలు పరిచాక పొట్టను శాండ్ పేపర్‌తో రుద్ది నున్నగా చేస్తారు. అప్పుడు లేచే పిండిలాంటి దుమ్మును అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ‘చెక్కే కదా, రసాయనం కాదు కదా’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్న వర్గం కూడా అదే. దీనర్థం రెండూ సమానంగా ప్రమాదకరమని కాదు, రెండింటికీ ఆధారాలు గట్టిగా ఉన్నాయని. చెక్క దుమ్ముతో వచ్చేది ముఖ్యంగా ముక్కులోనూ, ముక్కు చుట్టూ ఉన్న సైనస్‌లలోనూ పుట్టే అరుదైన క్యాన్సర్. ఏళ్ల తరబడి పీల్చినవారికి దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. ఇది కాక ఆస్తమా, తగ్గని జలుబు, టేకు, రోజ్‌వుడ్ లాంటి చెక్కలతో చర్మం దురద ఉండనే ఉన్నాయి.

వారానికి నాలుగు గంటలు ఓడ కట్టేవారికి ఈ ముప్పు చాలా తక్కువ. అయినా జాగ్రత్త ఖర్చు అంతకంటే తక్కువ. ముఖానికి అతుక్కుని ఉండే ఎన్95 మాస్క్ పెట్టుకోండి. జేబురుమాలు, తువ్వాల ఈ దుమ్మును ఆపలేవు. వీలైనంత వరకు రుద్దడానికి బదులు పదునైన రేకుతో గీకండి. గీకితే పొట్టు రాలుతుంది, రుద్దితే దుమ్ము లేస్తుంది. పొట్టు నేల మీద పడుతుంది, దుమ్ము గాలిలో తేలుతుంది.

భూపాలపల్లి గనుల్లో పనిచేసి విరమణ చేసినవారికి ప్రత్యేకంగా ఒక మాట. మీ ఊపిరితిత్తులు ఇప్పటికే బొగ్గు దుమ్మును మోశాయి. ఆయాసం, దీర్ఘకాలిక దగ్గు, ఆస్తమా ఉన్నవారు బద్దలు కొలవండి, వంచండి, అతికించండి. రుద్దే పని మాత్రం వద్దు.

షుగర్ ఉన్నవారికి వేళ్లలో స్పర్శ తగ్గి ఉండొచ్చు. కట్టర్ తగిలినా, బద్ద వంచే వేడి తగిలినా వెంటనే తెలియదు. పని అయ్యాక చేతులు వెలుతురులో చూసుకోండి. కట్టర్‌ను ఎప్పుడూ శరీరానికి అవతలివైపు నడపండి. తెగిన వేలు ముడవలేకపోయినా, కొసన మొద్దుబారినా కట్టుకట్టుకుని ఊరుకోకుండా ఆసుపత్రికి రండి. పదేళ్లుగా టీడీ ఇంజెక్షన్ తీసుకోకుంటే, మురికి గాయమైతే ఐదేళ్లుగా తీసుకోకుంటే, వేయించుకోవాలి. జిగురు విషయానికొస్తే తెల్ల జిగురు నెమ్మదిగా ఆరినా మంచిది. క్షణంలో అంటుకునే జిగురు ఆవిరి కళ్లను, ఊపిరిని మండిస్తుంది. నూలు గుడ్డ మీద ఒలికితే చర్మం కాలేంత వేడి పుడుతుంది. వేళ్లు అంటుకుంటే లాగకండి, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టండి.

ఆ దుమ్ము ఎవరి ముక్కులోకి?

ఇప్పటి దాకా మీ గురించే చెప్పాను. కానీ ఓడ దుమ్ము మీ ఒక్కరితో ఆగదు. మీరు లేచి వెళ్లాక ఆ గది ఊడ్చేదెవరు? చాలా ఇళ్లలో భార్యో, కోడలో, పనిమనిషో. నేల మీద పడ్డ దుమ్మును చీపురు మళ్లీ గాలిలోకి లేపుతుంది. ఆమెకు మాస్క్ ఉండదు. కాబట్టి నియమం ఒకటే. కట్టినవారే శుభ్రం చేయాలి. అదీ తడిగుడ్డతో తుడవాలి. మీ విశ్రాంత జీవితానికి దొరికిన వ్యాపకం ఇంట్లో మరొకరికి అదనపు చాకిరీ కాకూడదు.

ఇక మూడో మనిషి. కిట్ కొనాలంటే వేలల్లో ఖర్చు. మన ఊళ్లలో ఒకటిన్నర మిల్లీమీటర్ల బద్దలు దుకాణంలో దొరకవు. కాబట్టి మీరు వెళ్లేది సామిల్లుకో, తెలిసిన వడ్రంగి దగ్గరికో. వారానికి నాలుగు గంటల పనికి మీరు ఎన్95 పెట్టుకుంటారు. మీకు బద్దలు కోసిచ్చే వడ్రంగి ఆ దుమ్ములోనే రోజంతా ముప్పై, నలభై ఏళ్లు పనిచేస్తాడు. మెడలో తువ్వాలే ఆయన రక్షణ. పదిమంది కూడా పనిచేయని దుకాణానికి సాధారణంగా ఈఎస్ఐ వర్తించదు. ఆయన దగ్గుతూ వస్తే మేం ‘బీడీ తాగుతావా?’ అని అడుగుతాం. ‘ఏం పని చేస్తావు?’ అని అడగడం అరుదు. ఓపీ చీటీలో వయసు, ఊరు రాసినట్టే చేసే పని కూడా రాయాలన్నది నా గట్టి అభిప్రాయం. మూడు జిల్లాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలు, వాటికి ఆసుపత్రులు ఉన్నాయి. అక్కడ ఇది మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ఈసారి బద్దల కోసం వెళ్లినప్పుడు ఒక మాస్కుల డబ్బా పట్టుకెళ్లండి. పనిలో దగ్గు, పిల్లికూతలు వచ్చి సెలవు రోజు తగ్గుతున్నాయేమో అడగండి. తగ్గుతుంటే అది పని వల్ల వచ్చే ఆస్తమా కావచ్చు. ఒకవైపే ముక్కు దిబ్బడ వారాలుగా వదలకపోయినా, ముక్కులోంచి రక్తపు చారలు పడుతున్నా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించమనండి. రెండు మూడు వారాలకు మించి ఆగొద్దని చెప్పండి. ఆయన వెళ్లడానికి జంకితే మీరే వెంట తీసుకురండి. విరమణ చేసినవారికి తీరిక ఉంది కదా.