చిప్ మార్చే ముందు లింకర్‌ని చూడండి

గ్యాడ్జెట్ లేటుగా ఆన్ అయితే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట 'ర్యామ్ సరిపోలేదు' అనే. కొన్నిసార్లు అది నిజమే. కానీ చిన్న ఎంబెడెడ్ బోర్డుల్లో టైమ్ తినేసే ఇంకో దొంగ ఉంది: షేర్డ్ లైబ్రరీల లోడింగ్. రివ్యూల్లో దీని ఊసే రాదు.

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో మెషీన్ పక్కన ఉండే టచ్ ప్యానెల్‌నే తీసుకోండి. అది లైనక్స్, క్యూటీ మీద నడిచేదనుకుందాం. కరెంటు పోయి వచ్చింది. తెర మీద రీడింగులు కనిపించేదాకా ఆపరేటర్ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఆ గ్యాప్‌లో లోపల ఏం జరుగుతోంది? యాప్ స్టార్ట్ అవ్వగానే డైనమిక్ లింకర్ కావాల్సిన లైబ్రరీలన్నీ వెతికి, మెమరీలోకి మ్యాప్ చేసి, ఏ ఫంక్షన్ ఏ అడ్రస్‌లో ఉందో చూసి సరిచేస్తుంది. దీన్నే రీలొకేషన్ అంటారు. క్యూటీ లాంటి సీ ప్లస్ ప్లస్ లైబ్రరీల్లో సింబల్ పేర్లు పొడవు, వాటి సంఖ్య వేలల్లో. ఫ్లాష్ స్లో, ప్రాసెసర్ చిన్నది అయితే ఈ పని భారం కంటికి కనిపిస్తుంది.

మందు లేక కాదు. రెడ్ హ్యాట్ ఇంజినీర్ యాకుబ్ యెలినెక్ రాసిన ప్రీలింక్ ఈ లెక్కలన్నీ ముందే చేసి పెట్టేది. అయితే లైబ్రరీ అడ్రస్‌లు ముందే ఫిక్స్ అయిపోతే, వాటిని ప్రతిసారీ మార్చే ఏఎస్ఎల్ఆర్ రక్షణ దెబ్బతింటుంది. నెట్‌కి కనెక్ట్ అయిన డివైస్‌కి నేనైతే దాన్ని వద్దంటాను. 2006లో వచ్చిన గ్నూ హ్యాష్ సింబల్ వెతుకులాటని బాగా తగ్గించింది. రీలొకేషన్ టేబుల్‌ని కుదించే ఆర్‌ఈఎల్‌ఆర్ 2018లో ఆండ్రాయిడ్ 9తో, 2022లో జీలిబ్‌సీ 2.36తో అందుబాటులోకి వచ్చింది. వీటికి తోడు వాడని లైబ్రరీలు తీసేయడం, బయటికి అక్కర్లేని సింబల్స్ దాచేయడం. వీటిలో దేనికీ కొత్త చిప్ అక్కర్లేదు.

'అన్నీ స్టాటిక్‌గా లింక్ చేసేస్తే పోదా?' అంటారు కొందరు. డివైస్‌లో ఒకటే యాప్ ఉంటే సరే. నాలుగు ఉంటే? ఒక లైబ్రరీలో సెక్యూరిటీ లోపం బయటపడితే నాలుగూ మళ్లీ బిల్డ్ చేయాలి.

సెకన్లు ఎందుకింత ముఖ్యమంటే, అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లలో రివర్స్ గేర్ వేసిన 2 సెకన్లలో వెనక కెమెరా దృశ్యం తెర మీదికి రావాలని రూలే ఉంది. మన సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్ల టిహాన్ టెస్ట్‌బెడ్‌లో డ్రైవర్ లేని వాహనాల్ని పరీక్షిస్తున్నారు. అలాంటి బండిలో ఒక ప్రోగ్రామ్ ఆగి మళ్లీ లేవాల్సి వస్తే ప్రతి సెకనూ లెక్కే.

మీ దగ్గర జీలిబ్‌సీతో నడిచే లైనక్స్ బోర్డు ఉంటే ఇవాళే ట్రై చేయండి. ఎల్‌డీ డీబగ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 'స్టాటిస్టిక్స్' విలువ ఇచ్చి యాప్ రన్ చేస్తే, లోడింగ్‌కి ఎంత, అందులో రీలొకేషన్‌కి ఎంత టైమ్ పోయిందో అదే చెప్తుంది. ఆ నంబర్ చూశాకే కొత్త బోర్డుకి ఆర్డర్ పెట్టండి. కంపెనీలు కూడా స్పెక్ షీట్‌లో ర్యామ్ పక్కనే, పవర్ ఇచ్చిన ఎన్ని సెకన్లకి డివైస్ వాడుకోవచ్చో రాయాలి. మనం అడగకపోతే వాళ్లు రాయరు.