రూపాయి పడితే నిద్ర ఎవరికి చెడుతోంది?

2025 డిసెంబర్ 3న డాలరు 90 రూపాయలు దాటింది. ప్రధాన ఆర్థిక సలహాదారు అనంత నాగేశ్వరన్ దాని గురించి తాను నిద్ర పాడుచేసుకోవడం లేదన్నారు. ఎగుమతులకు ఇది మేలేనని టీవీ నిపుణులు తలలూపారు. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది కదా, రూపాయి చవకైతే ఆ దెబ్బ కొంత తగ్గుతుందని వాళ్ల లెక్క. మూడు రోజులు గడిచాక, డిసెంబర్ 6న, అవే ఛానళ్లు బాబాసాహెబ్ విగ్రహాలకు వేసిన దండలు చూపించాయి. ఈ లెక్కకు ఆయన 1923లోనే ‘రూపాయి సమస్య’ పుస్తకంలో జవాబు చెప్పారని నేను చూసిన ఒక్క చర్చలోనూ ఎవరూ అనలేదు.

ఆ జవాబు సూటిగానే ఉంటుంది. 19వ శతాబ్దం చివర వెండి ధర పడి, దానితోపాటు రూపాయి పడుతున్నప్పుడు కూడా ఎగుమతిదారులు దాన్ని వరమనే అన్నారు. ఆ లాభం ఎవరి జేబులోంచి వచ్చిందని అంబేడ్కర్ అడిగారు. విదేశీయుడి జేబులోంచి కాదు. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు, ఆ తేడాయే యజమానికి మిగులుతుంది. దేశం కొత్తగా సంపాదించింది ఏమీ లేదు, ఒక వర్గం దగ్గర తీసి ఇంకో వర్గానికి ఇచ్చింది, అంతే. మన విశ్వవిద్యాలయాల్లో అంబేడ్కర్‌ను రాజ్యాంగం పేపర్‌లో చదువుతాం. ఆర్థికశాస్త్రం పేపర్‌లో ఆయన కనిపించడు.

నేను ఖరగ్‌పూర్‌లో పుట్టాను. మా తాత సిక్కోలు వైపు నుంచి రైల్వే గ్యాంగ్‌లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా చిన్న మేనత్తను మాత్రం తిరిగి ఆ ఊరికే ఇచ్చారు. ఆమె ఏటా మేస్త్రి వెంట గోదావరి జిల్లాలో ఒక రొయ్యల షెడ్డుకు వెళ్తుంది. ఐసులో తడిసిన రొయ్యకు తల తీసి పొట్టు వలవాలి, కూలి కిలో లెక్కన. సెప్టెంబర్‌లో ఫోన్ చేసి, “పన్లేదురా, మేస్త్రి కబురెడతానన్నాడు” అంది. గమనించండి, ఆమెను ఎవరూ ఉద్యోగంలోంచి తీసేయలేదు. పిలవలేదు, అంతే. కాబట్టి ఏ నిరుద్యోగ లెక్కలోనూ ఆమె పడదు.

దేశం నుంచి పోయే రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌దే. వాటికి పెద్ద కొనుగోలుదారు అమెరికా. ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాల ప్రకటన వచ్చీ రాకముందే, ఒక్క డాలరు సుంకం కట్టకముందే, ఎగుమతిదారులు చెరువు గట్టు మీద కొనే ధర తగ్గించేశారు. కౌలుకు చెరువు పట్టిన చిన్న రైతు మేతల కొట్టు అప్పులో మిగిలాడు. సుంకం నిజంగా పడ్డాక, 25 వేల కోట్ల నష్టమని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్రానికి లేఖ రాశారు. కేంద్రం నవంబర్ 12న 25,060 కోట్ల ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కు, దానికి తోడు ఎగుమతిదారుల కోసం 20 వేల కోట్ల రుణ గ్యారంటీకి ఆమోదం తెలిపింది. సరిగ్గా తొమ్మిది రోజులకు, నవంబర్ 21న, నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. కేంద్ర చట్టం ప్రకారం మనుషులను తీసేయడానికి ప్రభుత్వ అనుమతి కావాలన్న నిబంధన ఇదివరకు 100 మంది ఉన్న ఫ్యాక్టరీకే వర్తించేది. ఇప్పుడు 300 మంది ఉంటేనే. యజమానికి గ్యారంటీ, కూలీకి కోడ్. ఇంతకన్నా స్పష్టంగా ఏ ప్రభుత్వమూ తన పక్షం చెప్పుకోదు.

ఆంధ్రా మంత్రివర్గమైతే జూన్‌లోనే ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచింది, పెట్టుబడులు రావాలని. వారానికి 48 గంటలు దాటదు కదా అంటారు. (కిలో లెక్క కూలికి ఏ గడియారం ఉందో వాళ్లే చెప్పాలి.) ఆ 48 గంటల హద్దు కూడా అంబేడ్కర్ కార్మిక సభ్యుడిగా ఉండి తెచ్చిన బిల్లుతో 1946లో వచ్చినదే. అంతకుముందు 54.

ఇదంతా కొత్త కథ కాదు, మా ఊరికి బాగా తెలుసు. ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కట్టిన ఊరు. 1927లో ఇక్కడి వర్క్‌షాపులో మనుషులను తగ్గిస్తే సమ్మె, లాకౌట్ నడిచాయి. తర్వాత ప్రపంచ మాంద్యం వచ్చింది, సరుకు రవాణా పడిపోయింది. 1931 నాటికి రైల్వేలన్నిటా ఎంతగా మనుషులను తీసేశారంటే ప్రభుత్వం విచారణ కోర్టు వేయాల్సి వచ్చింది. అదే ఏడాది అదే కంపెనీ రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తి చేసింది. 1933లో విశాఖ రేవు తెరిచారు. మధ్య పరగణాల మాంగనీసును ఓడకెక్కించడం దాని ముఖ్య ఉద్దేశాల్లో ఒకటి. ఖనిజం పోవడానికి డబ్బు ఉంది, కూలి ఇవ్వడానికి లేదు!

ఎవరిని ముందు తీసేస్తారు అన్నది మార్కెట్ ఒక్కటే తేల్చదు. 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో అంబేడ్కర్ ఈ విషయమే చెప్పారు. అంటరానివాడు గ్యాంగ్‌మన్‌గానే పుట్టి గ్యాంగ్‌మన్‌గానే పోతాడు. పోర్టర్ కూడా కాలేడు, ఎందుకంటే స్టేషన్ మాస్టర్ ఇంట్లో పనికి పోర్టరే కావాలి. మా తాత గ్యాంగ్‌మన్‌గానే రిటైరయ్యాడు. షెడ్డులో తల తీసేవాళ్లెవరు, తూకం రాసేవాళ్లెవరు, చెరువు ఎవరిది, కంపెనీ ఎవరిది అని ఒక్కసారి కులాల వారీగా లెక్క తీయండి. ఏ మిషన్ పత్రంలోనూ ఆ లెక్క ఉండదు.

ఎగుమతులు ఆగితే ఆ ఆడవాళ్ల పనే పోతుంది కదా, మరి ఎగుమతిదారుకు సాయం చేయకపోతే ఎలా అని నా తోటి స్కాలర్లు అడుగుతారు. సాయం వద్దని నేను అనడం లేదు. సాయం తీసుకున్నవాడు పని లేని రోజులకు కూలి కట్టాలని ఒక్క షరతు పెట్టమంటున్నాను. పీఎఫ్ చిట్టాలో పేరు లేని మనిషిని చూపించి ప్రభుత్వ గ్యారంటీ పొందకూడదు. ఇది పెద్ద విప్లవమేమీ కాదు.

దేశంలోనే రొయ్యలు తినిపిద్దామనే మాటా ఇప్పుడు వినిపిస్తోంది. పిల్లల పళ్లెంలో గుడ్డు పడితేనే గొడవ చేసేవాళ్లున్న దేశంలో ఇది మంచి ఆలోచనే. కానీ కొనేదెవరు? కూలి తగ్గించి సరుకు చవక చేసే విధానం నడిచినన్నాళ్లూ ఇంటి మార్కెట్ పెరగదు. వలిచే చేతికి కొనే శక్తి ఉండదు కాబట్టే మనం అమెరికా సూపర్‌మార్కెట్ వైపు చూస్తూ కూర్చున్నాం. సుంకం తగ్గిందనే అనుకుందాం. ఆర్డర్లు తిరిగొస్తాయి. తగ్గించిన కూలి, పెంచిన గంటలు, మార్చిన చట్టం వెనక్కి పోతాయా? నేను పోవనే అనుకుంటున్నాను, ఎవరైనా కొట్లాడితే తప్ప.

మొన్న అత్త మళ్లీ ఫోన్ చేసింది. మేస్త్రి కబురెట్టాడట, కిలోకు పాత రేటు కన్నా తక్కువకే రమ్మన్నాడట. అదేమని అడిగితే, అమెరికావోడు పన్నేశాడు అన్నాడట. డాలరు 90 రూపాయలు దాటింది కదా అని అడగమని చెప్పాను. “నువ్వే వచ్చి అడగరా” అంది.