నకిలీ వీనస్‌, హాస్యానికి దక్కని పీట

విలియం వైలర్ దర్శకత్వంలో 1966లో వచ్చిన ‘హౌ టు స్టీల్ ఎ మిలియన్’ ప్యారిస్‌లో నడిచే ప్రేమకథ, దొంగతనం కథ కూడా. పేరుమోసిన కళాసంపద సేకర్త బోనే అసలు పని మహా చిత్రకారుల పేరిట నకిలీలు గీయడం. ఇటాలియన్ శిల్పి చెల్లినీ చెక్కినట్టు చెప్పుకునే, ఆయన ఇంట్లోని వీనస్ శిల్పం మ్యూజియం ప్రదర్శనకు వెళ్తుంది. దాన్ని చెక్కింది బోనే తండ్రి. నమూనాగా ఎదుట నిలబడింది బోనే తల్లి. పది లక్షల డాలర్ల బీమా కాగితం మీద సంతకం పడ్డాక నిపుణుడి పరీక్ష తప్పదని తెలుస్తుంది. తండ్రిని కాపాడుకోవడానికి కూతురు నికోల్, దొంగ అనుకున్న సైమన్‌ను ఆశ్రయిస్తుంది. నిజానికి అతడు కళానేరాల గుట్టు విప్పే నిపుణుడు. ఆ జంటగా ఆడ్రీ హెప్‌బర్న్, పీటర్ ఓటూల్ నటించారు.

దర్శకుడిగా మూడు ఆస్కార్లు అందుకున్న వైలర్ పేరెత్తితే ‘బెన్‌హర్’ గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ఈ చిత్రానికి ఒక్క ఆస్కార్ నామినేషన్ కూడా రాలేదు. డిజైనర్ జివాన్షీ రూపొందించిన దుస్తులను మెచ్చుకుని, కాలక్షేపమని తీర్మానించి విమర్శకులు చేతులు దులుపుకుంటారు. ఇది అన్యాయం. నవ్వించిన సినిమాకు ఆలోచన ఉండదనుకోవడం విమర్శ కాదు, బద్ధకం.

రుజువుకు దొంగతనం ఘట్టమే చాలు. చీపుళ్ల గదిలో దాక్కున్న సైమన్, గోడకవతల వేలాడే తాళంచెవిని అయస్కాంతంతో ఇవతలి నుంచే జరుపుతూ తలుపు దాకా తెచ్చుకుంటాడు. తర్వాత బూమరాంగ్ విసిరి, శిల్పం చుట్టూ ఉన్న కాంతి కిరణాలను తెంచుతాడు. అలారం మోగుతుంది, కాపలాదారులు పరుగెత్తుకొస్తారు, వీనస్ ఉన్నచోటే ఉంటుంది. మళ్లీ అదే తంతు. చివరికి విసిగిపోయి అలారాన్ని వాళ్లే కట్టేస్తారు.

ఇదంతా నమ్మశక్యం కాదనే వారున్నారు. అయితే 2003లో వియన్నా మ్యూజియం నుంచి అసలు చెల్లినీ చేసిన బంగారు ఉప్పుగిన్నె పోయినప్పుడు అలారం మోగింది. ఉత్తుత్తిదే అనుకుని కాపలాదారులు పట్టించుకోలేదు. గిన్నె 2006లో గానీ దొరకలేదు.

నకిలీల సంగతీ అంతే. 1937లో డచ్ చిత్రకారుడు వాన్ మేగరెన్ గీసిన చిత్రాన్ని పాతకాలపు మహా చిత్రకారుడు వెర్మీర్ కళాఖండమని ఆనాటి పెద్ద నిపుణుడే పొగిడాడు. రోటర్‌డామ్ మ్యూజియం దాన్ని సంపాదించుకుంది. 1945లో అరెస్టయ్యాక చిత్రకారుడే నిజం ఒప్పుకునేదాకా గుట్టు బయటపడలేదు. పేరు మారితే ధర మారుతుంది, చూసే కన్ను కూడా మారుతుంది. వైలర్ చెప్పింది ఈ మాటే.

ప్రేమ కూడా ఈ వాదంలో భాగమే. శిల్పం నకిలీ అని సైమన్‌కు ముందే తెలుసు. అయినా నికోల్ కోసం దొంగతనానికి దిగుతాడు. అమెరికన్ కోటీశ్వరుడు లేలండ్ మాత్రం శిల్పం మోజులో నికోల్‌తో పెళ్లికి సిద్ధపడి, చివరికి శిల్పమే చాలనుకుని ఆమెను వదులుకుంటాడు. విలువ తెలిసినవాడెవడో, ధర మాత్రమే తెలిసినవాడెవడో ఇంత తేటగా చూపిన చిత్రం గంభీర చిత్రాల పంక్తిలో కూర్చోవలసిందే.