ముందు ఆగుతుందా?

షెడ్డులో ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన పాత అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించాలని ముచ్చటపడేవారు ముందుగా చూసేది ఇంజిన్‌నే. బ్యాటరీ మార్చి, పెట్రోలు పోయగానే అది బుర్రుమంటే ఇక ఆనందానికి హద్దుండదు. కానీ ముందు చూడాల్సింది కారు కదులుతుందా అని కాదు, ఆగుతుందా అని!

పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ బ్రేక్ ఫ్లూయిడ్‌ని నెడుతుంది. ఆ ఒత్తిడి సన్నని గొట్టాల ద్వారా చక్రాల దగ్గరుండే చిన్న సిలిండర్లకు చేరి, బ్రేకు షూలను డ్రమ్ముకు అదుముతుంది. 1921లో అమెరికాలో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రాలకూ ఇలాంటి బ్రేకులే.

చిక్కంతా ఆ ఫ్లూయిడ్‌తోనే. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కారు కదలకపోయినా ఆ పని ఆగదు. తేమ చేరితే సిలిండర్ లోపల తుప్పుపట్టి గుంటలు పడతాయి. రబ్బరు కప్పులు గట్టిపడి, లీకు మొదలవుతుంది. చాలా పాత కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే లైను. ఎక్కడ ఒక్కచోట ఫ్లూయిడ్ కారిపోయినా ఇక చేతి బ్రేకే దిక్కు.

తాజా డాట్-3 ఫ్లూయిడ్ మరిగేది 205 డిగ్రీల సెల్సియస్ దాటాకే. తేమ చేరాక 140 డిగ్రీలకే మరగొచ్చు. ఘాట్‌రోడ్డు దిగుతుంటే పెడల్ మెత్తగా లోపలికి పోవడానికి ఇదో కారణం.

పరీక్ష తేలికే. బండి ఆపి, పెడల్‌ని నిమిషంపాటు గట్టిగా తొక్కిపట్టాలి. మెల్లగా కిందికి జారితే మాస్టర్ సిలిండర్‌ని అనుమానించాల్సిందే. టైరు లోపలివైపు తడి కనిపిస్తే చక్రం సిలిండర్ కారుతున్నట్టు. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న కార్లలో గేరు వేసేటప్పుడు గరగరమంటే అక్కడి సిలిండర్లనూ చూడాలి.

సిలిండర్ విప్పాక లోపల నున్నగా ఉంటే కొత్త రబ్బరు కిట్ వేస్తే చాలు. గుంటలు పడితే మాత్రం సిలిండర్ మార్చాలి, లేదా లోపల స్టీలు స్లీవ్ వేయించాలి. రబ్బరు భాగాలను పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో కడిగితే అవి ఉబ్బి పాడవుతాయి. తాజా బ్రేక్ ఫ్లూయిడ్‌తోనే కడగాలి. చివరగా లైన్లలో గాలి లేకుండా బ్లీడింగ్ చేయించాలి.

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్నవాటిని కాపాడుకోవాలంటే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చడం మేలు. రంగుల కన్నా, రెక్సిన్ సీట్ల కన్నా ముందు ఖర్చు పెట్టాల్సింది దీనికే. ఆ కారులో కూర్చునేది ఇంటిల్లిపాదీ కదా!