కలలో కనబడిన చింత

విజయదశమి వెళ్లిన తరువాత వచ్చు తొలి మంగళవారమున విజయనగరములో జరుగు పైడితల్లి సిరిమానోత్సవమును ఒక్కమారైనను చూడనివాడు ఆ సీమలో అరుదు. సుమారు 60 అడుగుల చింతమాను కొనయందు అమర్చిన పీఠముపై పూజారి కూర్చుండగా, పాలధారయు, బెస్తవారి వలయు, అంజలిరథమును, తెల్లయేనుగును ముందు నడువగా, ఆ మాను మూడులాంతర్ల కడనున్న గుడికిని కోటకును నడుమ మూడుమార్లు తిరుగును. బొబ్బిలి యుద్ధమున అన్న పెదవిజయరామరాజు మరణించిన పిమ్మట ప్రాణములు విడిచిన చెల్లెలే ఈ దేవత యని ఐతిహ్యము. 1757 నాటి ఆ యుద్ధము చరిత్ర, తక్కినది నమ్మిక. ఆ నమ్మికతో నాకు కలహము లేదు. నాకు గల శంక చెట్టును గూర్చినది.

ఉత్సవమునకు ముందు అమ్మవారు పూజారికి స్వప్నమున సాక్షాత్కరించి, మాను ఉన్న తావును తెలుపునట. జనులు వెదకుచు పోవుదురు, మాను దొరకును, పసుపుకుంకుమలతో పూజ జరుగును, పిదప గొడ్డలి పడును. సిరిమానునకొకటి, ఇరుసుమానునకొకటి, ఏటేట రెండు నిండుచింతలు నేలకొఱగును. మాను వంకర లేనిదై, తగిన పొడవు గలదై, సిరిమానుగా మలచు హుకుంపేటకు తరలింప వీలైనదై యుండవలెను గదా! ఈ కొలతలన్నియు ఎఱిగిన కన్ను మేల్కొన్న కన్నే గాని నిద్రించు కన్ను గాదు. ఎంపిక మనుష్యుడు చేయును. ఉత్తరవాదిత్వము మాత్రము దేవతపై మోపబడును. చెట్టు ఇచ్చుట మహాభాగ్యమని మురియు యజమానులే పెక్కుమంది కావచ్చును. మురియనివాడు ఎవరితో మొరపెట్టుకొనవలెను? కలకు అప్పీలు లేదు.

గింజ నాటిన ఏడెనిమిదేండ్లకు గాని కాపునకు రాక, నూఱేండ్లకు పైబడి బ్రదికి, ముదిరిన పిమ్మట ఏటేట క్వింటాలునకు మించి పండు రాల్చగల వృక్షమది. ఊరివారి పులుసుకుండయు, బాటసారి నీడయు దాని చలువయే.

రహదారులను వెడల్పు చేయుటకై వందలకొలది చెట్లు కూల్చుచుండగా అమ్మవారి రెండు మాకులే నీ కంటికి కనబడినవా యని యడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. అయితే రహదారికై చెట్టు కొట్టు అధికారిని అనుమతిపత్రము చూపుమనవచ్చును, న్యాయస్థానమునకు ఈడ్వవచ్చును, కొట్టినదానికి మాఱు నాటుమని నిర్బంధింపవచ్చును. స్వప్నమును ఏ కచేరికి పిలిపింతుము? చెట్ల సంఖ్య స్వల్పమైనను, ప్రశ్నకు అందని నిర్ణయము స్వల్పము కాదు.

పొరుగున పూరీలో మూడు రథములను ఏటేట క్రొత్త కలపతోనే కట్టుదురు. అడవి తఱుగుచున్నదని గ్రహించి అచ్చట జగన్నాథుని పేరనే వనములు పెంచు పథకము చేపట్టిరి. భక్తి అచ్చట తగ్గలేదు. లెక్క మాత్రము వచ్చి చేరినది. ఆచారము మార్పనరానిదను మాటయు నిలువదు. తెలుగునాట ఒకప్పుడు వెన్ను మాంసమునకు కొంకి గ్రుచ్చి మనుష్యుని మాను కొనను వ్రేలాడదీయు సిడి యుండెడిది. అదియు మ్రొక్కే, అదియు దేవత కోరికయే యనిరి. అది నేడు లేదు, ఏ దేవతయు అలుగలేదు. 1892లో కన్యాశుల్కము తొలిసారి రంగమెక్కిన పట్టణమునకు, పాతదానిని ప్రశ్నించుట పాపము కాదని నేను నేర్పనక్కఱలేదు. (గ్రాంథికమున వ్రాయుచున్నందుకు గురజాడవారు నన్ను చూచి నవ్వియుందురు.)

ఇంక వీథుల సంగతి. సిరిమానుపైకి విసరిన అరటిపండ్లు కాళ్లక్రింద నలిగి బురదయగును. ఎవని ఆకలియు తీరదు. నీళ్లప్యాకెట్లు మురుగుకాలువలకు చేరును. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు కంచములు, గ్లాసులు 2022 జులై 1 నుండి దేశమంతటను నిషిద్ధములే. ఐనను జాతరనాడు చట్టమునకు సెలవు దొరకును. అమ్మవారి పనికి అడ్డేమని అందుము! మన్యపు కొండలలో గిరిజన స్త్రీలు ఏరి కుట్టు అడ్డాకు విస్తళ్లు అందుబాటులోనే యున్నవి. కుండలతో చలివేంద్రములు పెట్టుట మనవారికి తెలియని విద్య కాదు. వీనిని ముందుగా లెక్కకట్టి సమకూర్చుకొనుట ఉత్సవ సంఘములు చేయదగిన పని. అందుకు కల అక్కఱలేదు, నెల ముందు కూర్చుండిన చాలును.

మానును దాచి మఱుసటియేడు వాడరాదా? చింతకలప గట్టిది, నెరిసి చీలకుండ కాపాడగల వడ్రంగులు ఉత్తరాంధ్రలో ఉండకపోరు. లేదా రెండు మాకులు కూల్చిన ఏట ఇన్ని మొక్కలను పెంచవలెనని దేవాదాయశాఖ నియమము చేయరాదా? సిరిమానునకు ముందునాటి తొలేళ్ల రాత్రి రైతులకు విత్తనపు ధాన్యము పంచు ఆచారము ఎట్లును ఉన్నది. దానితో పాటు చింతమొక్కలనిచ్చి, పుచ్చుకొన్నవారి పేరును, నాటిన తావును గుడి చిట్టాలో వ్రాసి, మూడవయేట పోయి బ్రదికినవెన్నో చూచిరమ్మని ఒక గుమాస్తాను పంపుటకు ఎంత ఖర్చగును?