నడుం విరిచేది వయసు కాదు, బరువు

నడుం నొప్పని ఆస్పత్రికి పోతే "వంగొద్దు, బరువులెత్తొద్దు" అని చెప్పి పంపుతారు. వంగకుండా నాటు వేసేదెట్లా? ఎత్తకుండా ధాన్యం లారీ ఎక్కేదెట్లా? మోకాళ్లు అరిగితే వయసంటారు, నడుం పడితే కష్టానికి అలవాటు లేదంటారు. ముప్పై ఐదేళ్ల హమాలీ నడుం పట్టుకుని నడుస్తుంటే అది వయసెట్లా అవుతుంది? మేం ఒప్పుకోం.

కోస్తాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటితే తగ్గించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. ఒంటికి హాని చేసే బరువు మోయించకూడదని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పేది. ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దాటి మన కళ్లంలోకి రాలేదు. అక్కడ మోసేదీ మనిషే, ఇక్కడ మోసేదీ మనిషే కదా!

బస్తా తగ్గించడం కుదరదంటారా? యూరియా బస్తా 2018లో 50 నుంచి 45 కిలోలకు దిగింది. మన నడుం మీద జాలితో కాదు, మనం యూరియా తక్కువ చల్లాలని. సర్కారు తలచుకుంటే బస్తా బరువు దిగుతుందని మాత్రం తేలిపోయింది.

పనిముట్ల సంగతీ అంతే. అమెరికాలోని కాలిఫోర్నియా తోటల్లో కూలీలకు పొట్టి పిడి పారలిచ్చి రోజంతా వంగబెట్టి పని చేయించేవారు. పొడవు పిడి ఇస్తే మొక్కలు దెబ్బతింటాయని భూస్వాములు వాదించారు. వెన్నుపూసలు దెబ్బతిన్న కూలీలు కోర్టుకెక్కి పోరాడితే 1975లో ఆ పారను అక్కడ నిషేధించారు. పంటలేమీ ఆగలేదు. మన దగ్గర సబ్సిడీ అనగానే ట్రాక్టరు, రోటావేటరు. కలుపు తీసే ఆడకూలీ చేతికి నిలబడి పనిచేసే పరికరం ఇవ్వాలని అధికారులకు ఎప్పుడు గుర్తొస్తుంది? కూలీలను పిలిచే రైతులం కూడా మనమే కాబట్టి, పిడి పొడవు చేయించే పని మన పొలంలోనే మొదలవాలి.

మందు కొట్టే పని చూడండి. ఎకరానికి 200 లీటర్లు కొట్టాలంటే 16 లీటర్ల ట్యాంకు పన్నెండు పదమూడు సార్లు వీపుకెక్కాలి. ఒక్కడే పొద్దంతా కొట్టకుండా ఇద్దరు వంతులేసుకోండి. ట్యాంకు నేల మీద నుంచి కాకుండా గట్టు మీద పెట్టి భుజానికెత్తుకోండి. బస్తా ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, ఒంటికి ఆనించి లేవండి. బరువుతో నడుం తిప్పకండి, అడుగు తిప్పండి. ఇద్దరు పట్టాల్సిన బస్తాను ఒక్కడే ఎత్తితే మగతనం అనే మాట ఇక మానుకుందాం.

అయితే ఎంత జాగ్రత్తగా ఎత్తినా 75 కిలోలు 75 కిలోలే. ధాన్యం బస్తా 40 కిలోలు దాటకూడదు. ప్రతి కొనుగోలు కేంద్రంలో లారీ ఎత్తుకు అరుగు కట్టాలి. నడుం పడి మంచానపడ్డ హమాలీకి, రైతుకు, కూలీకి పరిహారమివ్వాలి. ఈ సీజన్‌లో మీ ఊరి కళ్లంలో ఏ బస్తా ఎన్ని కిలోలు తూగిందో, ఎవరు మోశారో రాసి మండల కమిటీకి అందజేయండి. ఆ కాగితాలతోనే కలెక్టరేట్ మెట్లెక్కుతాం.