జొన్నగిరి బంగారము - బోర్ల సాక్ష్యము

ఈమధ్య మన పఠనమందిరములలో పత్రిక విప్పినవారి చూపు రాజకీయపు కబురులకంటె ముందుగా వాటాల బజారు పట్టికపై వ్రాలుచున్నది. కర్నూలు జిల్లా తుగ్గలి మండలమునందలి జొన్నగిరికడ బంగారు గని తెఱవబడుచున్నదనియు, స్వాతంత్ర్యానంతరము మన దేశమున ప్రైవేటు పెట్టుబడితో లేచిన పెద్ద బంగారు గని యిదియే మొదటిదనియు పత్రికలు వ్రాసినవి. 'ఇన్ని మీటర్ల మేర టన్నుకు ఇన్ని గ్రాములు' అను వాక్యము నేడు సంతలో ధాన్యపు ధరవలె నోటినుండి నోటికి పాకుచున్నది. ఈ మాటకు అర్థమేమి, వాటాలు కొనవచ్చునా యని మమ్ము అడుగుచున్న మిత్రులు పలువురు. కొనుడనిగాని మానుడనిగాని చెప్పుట మా పని కాదు. ఆ వాక్యమును చదువు తీరు చెప్పుట మాత్రము మా విధియని తలంచుచున్నాము.

జొన్నగిరి సామాన్యమైన యూరు కాదు. తొలకరి చినుకు పడినంతనే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతముల చేలలో వజ్రములు వెదకుటకు ఎక్కడెక్కడినుండియో జనము వచ్చి, చెట్లక్రింద వంటలు చేసికొని, వంగిన నడుము ఎత్తక తిరుగుట ఏటేట జరుగుచున్నదే. దాపుననే ఎఱ్ఱగుడి రాళ్లపై అశోకుని శాసనములున్నవి. వానిని గత శతాబ్దపు మూడవ దశకమున కనుగొన్నవాడు ఒక భూగర్భశాస్త్రజ్ఞుడు! రాతిలో ఖనిజమును చదువ నేర్చిన కన్ను లిపిని గూడ పట్టుకొన్నది. అశోకుని దక్షిణ రాజధానియగు సువర్ణగిరి ఈ జొన్నగిరియే యని కొందఱు పండితులందురు. కనకగిరి యని మఱికొందఱందురు. ఆ వివాదము నటుంచుదము. పూర్వపు అనంతపురము జిల్లాలోని రామగిరి, రాయచూరు జిల్లా హట్టి, కోలారు మొదలగు తావులందెల్ల ప్రాచీనుల త్రవ్వకపు గోతులు కనబడుచున్నవి. హట్టిలో మన పూర్వులు దాదాపు రెండువేల యేండ్లక్రిందటనే, నిప్పుతో రాతిని కాల్చి పగులగొట్టుచు, ఆఱువందల అడుగులకు మించి దిగిరి. కావున ఈ నేలలో బంగారము కలదా యను ప్రశ్న కొత్తది కాదు; ఎంత కలదు, ఏ లోతున కలదు, తీయుటకు ఎంత వ్యయమగును అనునవియే ప్రశ్నలు. వీనికి జవాబు చెప్పవలసినది బోరు.

బోరనగా మన రైతు నీటికై వేయు బోరు కాదు. వజ్రపు పండ్లు పొదిగిన గొట్టమును రాతిలోనికి త్రిప్పుచు దింపగా ఆ గొట్టములో చెఱకుగడవంటి రాతికడ్డీ నిలుచును. దానిని పైకితీసి, పెట్టెలలో వరుసగా పేర్చి, లోతులు గుర్తించి, నిలువునా రెండుగా కోయుదురు. ఒక సగమును పొడిచేసి పరీక్షశాలకు పంపుదురు. రెండవ సగము పెట్టెలోనే భద్రపఱతురు. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ రెండవ సగమే మిక్కిలి ప్రియమైనది. దస్తావేజు నకలును ఎదుటివాడు శంకించినప్పుడు అసలును తెమ్మని కోర్టు అడుగదా? ఆ సగమట్టి అసలు.

ఇక టన్నుకు గ్రామను మాట. టన్ను పదిలక్షల గ్రాములు. టన్నుకు రెండు గ్రాములనగా పదిలక్షల పాళ్ల రాతిలో రెండు పాళ్ల బంగారము. దానిని కంటితో చూడజాలము. అయినను రాయి నేలపైకి దగ్గఱగానుండి, పైనుండి గోయివలె త్రవ్వగలిగినయెడల ఆపాటి బంగారమే లాభము తేవచ్చును. వందలాది అడుగులు సొరంగము దిగవలసినచోట అది కూలికిని విద్యుత్తుకును చాలదు. పైగా, పనికివచ్చు రాయికిని పనికిరాని రాయికిని నడుమనున్న గీత బంగారపు ధరనుబట్టి జరుగుచుండును. 2025 సంవత్సరమున పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటినప్పుడు, నిన్నటి చెత్తరాయి కొంత నేడు ఖనిజమయ్యెను. ధర పడినచో అదే రాయి మరల చెత్తయగును. భూమిలోని బంగారము మాత్రము ఒక రవ్వయైన పెరుగలేదు, తరుగలేదు.

'ఇరువది మీటర్ల మేర టన్నుకు రెండు గ్రాములు' అని ప్రకటన వచ్చినదనుకొందము. ఇరువది మీటర్లును సమముగా రెండేసి గ్రాములుండవచ్చును. లేదా ఒక్క మీటరున నలువది గ్రాములుండి, తక్కిన పందొమ్మిదింట శూన్యముండవచ్చును. సగటు రెండింటికిని రెండే! మొదటిది గని కాదగినది. రెండవది సన్నని ఈనె. అందుచేత లోపలి అంకె లేమియని అడుగవలెను. మఱియొకటి: పలకవలె వాలియున్న ఖనిజపు పొరను బోరు అడ్డముగా కోసినచో నిజమైన మందము తెలియును. పొరవెంట ఏటవాలుగా జాఱినచో రెండు మీటర్ల పొర పది మీటర్లుగా కనబడును. నిజమైన మందము చెప్పని ప్రకటన హద్దులు చూపని క్రయపత్రము వంటిది. ఇంకొక ప్రశ్న అందఱును మఱచునది: చెప్పిన బోర్లు ఐదు, వేసినవి ఎన్ని? తక్కినవానిలో ఏమి దొరకినది? తనకనుకూలుడగు సాక్షినొక్కని నిలిపి, తక్కినవారిని ఇంటికి పంపు వకీలును న్యాయాధిపతి ఎట్లు చూచునో, వాటాదారుడును ఆ కంపెనీని అట్లే చూడవలయును.

మన శాసనములలో ఈ మెట్లు లేకపోలేదు. 2015 నాటి నియమములు అన్వేషణను నాలుగు దశలుగా విభజించినవి. జి-4 అనునది పైపై పరిశీలనము, జి-3 ప్రాథమికము, జి-2 సామాన్యము, జి-1 సవిస్తరము. బోర్లు దగ్గఱయైనకొలది ఊహ తగ్గి నమ్మకము పెరుగును. దూరదూరముగా వేసిన నాలుగు బోర్ల నడుమ ఖనిజము ఎడతెగక పాఱుచున్నదనుట కేవలమూహ. బంగారము బొగ్గువలె పొరగా పఱచుకొని యుండదు. ఒకచోట గుత్తియై, పది అడుగుల కవతల మాయమగును. కావున భూమిలో నింత కలదను అంకె వేఱు, లాభసాటిగా తీయదగినదింత యను అంకె వేఱు, పెట్టుబడియు రోడ్డును నీరును అనుమతులును సమకూడి కడ్డీగా కరగి వచ్చునది వేఱు. ఈ మూటిని ఒక్కటిగా చేసి మాటలాడుటయే బజారులో నేడు జరుగుచున్న గారడి.

ఆ గారడి ఎంతదూరము పోగలదో ఒక్క ఉదాహరణము చాలును. ఇండోనీషియాలో బోర్నియో ద్వీపమునందు బుసాంగ్ అను అడవి తావున కెనడా కంపెనీయగు బ్రీ-ఎక్స్ 1993 మొదలు అన్వేషణము సాగించెను. ఒక్కొక్క బోరు ఫలితము వెలువడగా వాటా ధర నింగినంటెను. కాసులకు దొరకిన వాటా ఇన్నూఱు డాలర్లు దాటెను. 1997 ఆరంభమున ఏడుకోట్ల ఔన్సులు, అనగా రెండువేల టన్నులకు మించిన బంగారము కలదని ప్రకటించిరి. అప్పుడు భాగస్వామిగా చేరవచ్చిన ఫ్రీపోర్టు కంపెనీ తమకు తాము బోర్లు వేసి చూడగా బంగారము లేశమాత్రము! 1997 మార్చిలో అక్కడి ముఖ్య భూగర్భశాస్త్రజ్ఞుడొకడు హెలికాప్టరునుండి పడి మరణించెను. మే నెలలో స్వతంత్ర పరీక్షకులు తేల్చినదేమనగా, పొడిచేసిన నమూనాలలో ఎవరో బయటి బంగారము చల్లినారని. సూక్ష్మదర్శినిలో చూచినవారికి ఆ రవ్వల అంచులు నునుపై గుండ్రనై యుండెను. ఏటి యిసుకలో దొర్లిన బంగారమునకుండు లక్షణమది, రాతిలో పుట్టినదానికుండదు. ఇంతకును అక్కడ రాతికడ్డీని రెండుగా కోయక దాదాపు మొత్తము పొడిచేసి యుండిరి. రెండవ సగము లేదు, అసలు దస్తావేజు లేదు. ఆ మోసమున చిన్న కుటుంబముల నిలువలును, ఒంటారియో ఉపాధ్యాయుల పింఛను నిధి సొమ్మును మునిగిపోయెను. 2001లో కెనడా ప్రభుత్వాధికారులు ఫలితముల ప్రకటనకు కఠిన నియమములు పెట్టి, అర్హుడైన నిపుణుని పూచీ లేనిదే అంకె చెప్పరాదనిరి.

ఇది పరదేశపు కథయని త్రోసివేయవలదు. 1880 ప్రాంతమున మన దక్షిణాదిని నీలగిరి వైనాడులో బంగారమున్నదని లండనులో పదులకొలది కంపెనీలు లేచి, లక్షల పౌనులు పోగుచేసి, కొలది యేండ్లలో కూలినవి. అడవిలో యంత్రములు తుప్పుపట్టినవి. విచిత్రమేమనగా, 1880లోనే కోలారునకు దిగిన మైసూరు కంపెనీ సైతము సొమ్మంతయు ఖర్చుపెట్టుకొని మూతకు సిద్ధమైనది. మిగిలిన కొద్దిపాటి ధనముతో, ప్రాచీనుల గోతులక్రిందనే ఇంకను లోతుగా త్రవ్విచూతమని జాన్ టెయిలరు వారు పట్టుపట్టగా 'ఛాంపియను' ఖనిజపు పొర తగిలెను. ఆపైన నూఱేండ్లకు మించి ఆ గని దాదాపు ఎనిమిదివందల టన్నుల బంగారమిచ్చినది. కనుక సందేహించుటయే వివేకమని మేము వాదింపబోము. జొన్నగిరిలో బంగారము కల్ల యనుటకును మాకు ఆధారము లేదు. అక్కడ ఏండ్ల తరబడి బోర్లు పడినవి. జియోమైసూరు కంపెనీకి 2013లోనే గని కౌలు దొరకినది. బొంబాయి వాటాల బజారున నమోదైన దక్కను గోల్డు మైన్సు వారికి అందు భాగమున్నది. ఏటికి సుమారు 750 కిలోల బంగారము తీయగలమని 2025లో వారు చెప్పిరి. అన్వేషణమునుండి ఉత్పత్తివఱకు పట్టిన ఆ కాలమే పాఠకులకొక పాఠము. నేడు బోరు పడినదని రేపు లాభాంశము రాదు.

ఇక దేశభక్తి మాట. ఈ గని వలన విదేశములనుండి బంగారము కొనుట తగ్గునని కొందఱు ప్రసంగించుచున్నారు. స్వదేశీయమన్న మాకును ఉత్సాహమే. కాని లెక్క లెక్కయే. 2024-25లో మన దేశము దిగుమతి చేసికొన్న బంగారము ఏడువందల టన్నులకు మించినది. జొన్నగిరి వారు చెప్పిన 750 కిలోలు సంపూర్ణముగా వచ్చినను అది వేయింట ఒక పాలు. ఒక్క పెండ్లిండ్ల మాసమున మన పట్టణముల నగల అంగళ్లు దానిని మింగి త్రేన్చవు. దిగుమతి తగ్గవలెనన్న మన ఆడంబరము తగ్గవలెను. గనిపై ఆ భారము మోపుట గనికిని న్యాయము కాదు.

గని ప్రయోజనము మఱియొకచోట నున్నది. కర్నూలు పడమటి మండలములు కరవు నెఱిగిన నేలలు. వర్షము తప్పినయేడు యువకులు బెంగుళూరు, గుంటూరు దారులు పట్టుదురు. అట్టి చోట నిలుకడయైన జీతము గల ఏ పనియైనను వరమే. అయితే అక్కడి రైతు ఇచ్చినది భూమి. వాటాదారుడు కంపెనీ పత్రము చదివి ఇష్టములేకున్న వాటా నమ్ముకొనును. రైతు నమ్మిన చేను మరల కొనలేడు. బోరు ఫలితములు తెలిసినవాడు అమ్మినవాని కంటె ఎక్కువ తెలిసి కొనుట న్యాయవ్యవహారమున ఎప్పుడును శంకాస్పదమే. బొంబాయికి ఇంగ్లీషున పంపు అంకెలను జొన్నగిరి గ్రామసభలో తెలుగున చదివి వినిపింపకుండుట కేమి కారణము చెప్పుదురు?

కోలారును చూచి వచ్చిన వారెవ్వరికైనను అక్కడి సైనైడు దిబ్బలు జ్ఞప్తిలో నుండును. పొడిచేసిన రాతినుండి బంగారమును సైనైడు ద్రావకముతో లాగి, మిగిలిన బూడిదవంటి మన్నును కుప్పలు పోసిరి. అట్టి మన్ను మూడుకోట్ల టన్నులకు పైగా అక్కడ నిలిచియున్నది. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడెను. కంపెనీ పోయినది, కూలివారి యిండ్లును దిబ్బలును మిగిలినవి. గాలివీచిన దినమున ఆ ధూళి ఇంటింటను దిగును. రామగిరిలోను, చిత్తూరు జిల్లా చిగురుగుంటలోను ప్రభుత్వపు గనులు ఆ కాలముననే ఆగినవి. చిగురుగుంట తరువాత మరల వేలమునకు వచ్చినది. గని తెఱచునాడే మూయునాటి ఖర్చు ప్రక్కకు తీసిపెట్టవలయుననుటకు ఇంతకుమించిన సాక్ష్యము వలదు.

శాసనమున కొంత రక్షణ కలదు. 1957 గనుల చట్టమునకు 2015లో వచ్చిన సవరణచే జిల్లాకొక ఖనిజనిధి యేర్పడినది. 2015 జనవరి 12కు పూర్వము కౌలు పొందినవారు రాయల్టీలో నూటికి ముప్పది పాళ్లకు సమానమైన మొత్తమును ఆ నిధికి చెల్లించవలెను. ఆ సొమ్ము గనిచే బాధితులగు జనుల మేలునకే యని చట్టము. జిల్లా కేంద్రమున భవనములకును వీధిదీపములకును అది కరగిపోవునేమో యని మా అనుమానము. తుగ్గలి గ్రామములవారు లెక్క అడిగినప్పుడే అది తీరును.

కాబట్టి మేము కోరునవి పెద్దవి కావు. వేసిన ప్రతి బోరు ఫలితమును, మంచిదైనను చెడ్డదైనను, తెలుగున పంచాయతి గోడపై అంటింపవలెను. మిగిలిన సగము రాతికడ్డీలను పెట్టెలతో సహా భద్రపఱచి, అడిగిన స్వతంత్ర పరీక్షకునకు చూపవలెను. చుట్టుపట్ల బావుల నీటిని గని పూర్తిగా నడువకముందే ఒకమాఱు పరీక్షించి ఆ అంకెలు దాచవలెను. ముందటి అంకె లేనిచో రేపు నీరు చెడినదని రైతు వాదించినను, చెడలేదని కంపెనీ వాదించినను న్యాయస్థానమున ఏ పక్షమును నిలువలేదు. ఈ చివరిపని కొన్ని వేల రూపాయలలో, ఈ వేసవిలోనే కాగలదు. జిల్లా కలెక్టరుగారు దీనిని ఎవరికప్పగింతురో చూతుము.